ఆదివారం ప్రాక్టికల్

హౌరా పక్కనున్న లిలువా వర్క్‌షాపు మొదటి సైరను కూయడానికి ఇంకా అరగంట ఉంది. రైల్వే క్వార్టరు వరండాలో మేకుకు అద్దం తగిలించుకొని ఎలీయాజరు గడ్డం గీసుకుంటున్నాడు. వంటింట్లోంచి భార్య డోర్కాస్ గొంతు వినిపిస్తోంది. అది సండేస్కూల్లో వాక్యం అప్పజెప్పే గొంతు. కానీ ఆమె చెప్పేది వాక్యం కాదు.

"ఆలూ పర్ అయొడిన్ డాల్‌నే సే రంగ్ నీలా కాలా హో జాతా హై. నాలుగో పాఠం, పదకొండు."

"పదకొండు కాదే పిల్లా, పన్నెండు," అంది పీట మీద నోట్‌బుక్కు పట్టుకొని కూర్చున్న అత్తగారు రోజమ్మ. "పదకొండు ఆకు సంగతి. లెక్క తప్పితే వాక్యం తప్పినట్టే."

"పరీక్షలో లెక్క అడగరత్తా. బంగాళాదుంప మీద మందు చుక్క వేస్తే నల్లబడతాదా లేదా, అదే అడుగుతారు."

"వాళ్ళు అడక్కపోతే నానడుగుతాను. మల్లీ సెప్పు."

డోర్కాస్ ఖరగ్‌పూర్‌లో తెలుగు బళ్ళో ఏడు దాకా చదివింది. ఇప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్షలు ప్రైవేటుగా రాస్తోంది. పుస్తకాలేమో హిందీలో ఉంటాయి. హిందీ మాట్లాడడం ఆమెకు మంచినీళ్ళ ప్రాయమే గానీ చదవడం నెమ్మది. అందుకని కూతురు విజయ కుమారి పుస్తకం పైకి చదువుతుంది, తల్లి దాన్ని తెలుగు అక్షరాల్లో రాసుకుంటుంది. బట్టీ పట్టాక హిందీలో రాసి చూసుకుంటుంది. పిల్లకు తెలుగు చదవడం రాదు, నానమ్మకు పుస్తకాల హిందీ ముక్క అర్థం కాదు. అయినా తెలుగు అక్షరాలు కనబడితే చాలు, రోజమ్మ అప్పజెప్పించుకోగలదు. బొబ్బిలి నుంచి కాపురానికొచ్చి లిలువా తెలుగు సంఘంలో ముప్పై ఏళ్ళు సండేస్కూలు నడిపిన మనిషి ఆవిడ. అధ్యాయం, వచనం లేకుండా ఏదీ నేర్పించడం ఆవిడకు చేతకాదు. అలా సైన్సు పుస్తకంలో ప్రతి జవాబుకూ ఒక పాఠం, ఒక నెంబరు వచ్చి చేరాయి.

డోర్కాస్ టీ గ్లాసు తెచ్చి వరండా గోడ మీద పెట్టింది. ఆమె చూపుడువేలు కొసన టింక్చర్ అయొడిన్ మరక పోకుండా ఉండిపోయింది.

"ఏమండీ, ఇవాళైనా ఆ వెర్నియరు చూపిస్తారా? బొమ్మ చూసి నేర్చుకుంటే వచ్చే పనా అది?"

వెర్నియరు అంటే చిన్నచిన్న ఇనుప సామాను మందం వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచే పనిముట్టు. ఫిట్టరుగా ఎలీయాజరు ఇరవై రెండేళ్ళుగా దానితోనే బతుకుతున్నాడు. తండ్రి ఆదాము వాడిన వెర్నియరు ఇంట్లోనే, పెట్టెలో ఉంది.

"ఈ ఆదివారం కానీ," అన్నాడు అద్దంలోంచి చూపు తిప్పకుండా.

"ఈలోగా ప్రాక్టికల్ తేదీ వచ్చేస్తే? ఉత్తరం ఈపాటికి రావాల్సింది. మీ కంటికేమైనా పడిందా?"

బ్లేడు గడ్డం కింద కస్సుమని దిగింది. ఎలీయాజరు తువ్వాలు అదిమి పెట్టుకున్నాడు. "నా కంటికెందుకు పడుతుంది?" అన్నాడు.

ఆ ఉత్తరం శనివారం మధ్యాహ్నం నుంచీ అతని బైబిల్లోనే ఉంది. చిన్న ప్రవక్తల పుటల మధ్య, మామూలుగా ఆ ఇంట్లో ఎవరూ తిప్పని చోట.

*

శనివారం ఒంటిపూట పని ముగించుకొని వస్తుంటే క్వార్టర్ల సందు మొదట్లో పోస్టుమాన్ నిమాయ్ బాబు ఎదురుపడ్డాడు. కుంటికాలుతో సైకిలు తోసుకుంటూ నడిచే ముసలాయన. "దాదా, బౌదీకి చిఠీ," అని నవ్వుతూ డోర్కాస్ పేరున్న ఉత్తరం చేతికిచ్చాడు. ఎలీయాజరు అక్కడే నిలబడి కూడబలుక్కుంటూ చదివాడు. సైన్సు ప్రాక్టికల్ పరీక్ష. హౌరాలో ఫలానా స్కూల్లో. మర్నాడు కాక ఆ పై ఆదివారం, ఉదయం పదింటికి.

అదే ఆదివారం పదింటికి లిలువా తెలుగు క్రైస్తవ సంఘం ఎలీయాజరును సంఘపెద్దగా నిలబెట్టబోతోంది.

ఆ సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పెద్దను నిలబెట్టే రోజున ఆరాధనలో అందరూ పంచుకునే ప్రభువు బల్ల రొట్టెను ఆ పెద్ద భార్యే తెల్లవారుజామున కాల్చాలి. తెల్లగుడ్డ కప్పిన పళ్ళెం పట్టుకొని భర్త పక్కన నడిచి రావాలి. అప్పుడు పాస్టరు అయ్యగారు సంఘాన్ని అడుగుతారు, ఈ ఇంటిని గురించి ఎవరికైనా చెప్పవలసిన మాట ఉందా అని. ఎవరూ నోరు విప్పకపోతేనే తల మీద చేతులుంచుతారు. తండ్రి ఆదామును నిలబెట్టిన రోజు ఎలీయాజరుకు ఎనిమిదేళ్ళు. పళ్ళెం పట్టుకొని నడిచిన అమ్మ ముఖం అతనికి ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ఉత్తరం చింపి పారెయ్యలేదు. దాచాను అని కూడా అనుకోలేదు. దేవుని ముందు పెడుతున్నాను, ఆయనే దారి చూపిస్తాడు అనుకొని బైబిల్లో పెట్టాడు.

డోర్కాస్ చదువంటే అతనికి గిట్టక కాదు. హౌరాలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆమె ఆయా. బెడ్‌పాన్లు మోసి మోసి నడుం పడిపోయింది. అక్కడి కేరళ సిస్టరుకు ఈమె శుభ్రమంటే ఇష్టం. సైన్సుతో పది పాసైతే రక్తపరీక్షల గదిలో సహాయకురాలిగా తీసుకుంటామని మాట ఇచ్చింది. కానీ నలభై దాటకూడదు. నలభై ఆగస్టులో నిండుతాయి. నాలుగు సబ్జెక్టులు అయిపోయాయి. మిగిలింది సైన్సొక్కటే. ఓపెన్ స్కూలు క్లాసులన్నీ ఆదివారాలే. ఆదివారం ఆరాధన మానలేక రెండేళ్ళలో ఒక్క క్లాసుకూ వెళ్ళలేదు. వంటిల్లే ఆమెకు ప్రయోగశాల, అత్తగారే టీచరు. పసుపు రాసిన కాగితం మీద సబ్బునీళ్ళు పోసి ఎర్రబడడం చూసుకునేది. రోజమ్మ కళ్ళద్దాలు లాక్కొని కిటికీకి ఎదురుగా పట్టి, గోడ మీద తలకిందులుగా పడిన కిటికీ బొమ్మను చూసి చిన్నపిల్లలా నవ్వేది.

సోమవారం మధ్యాహ్నం వర్క్‌షాపు గేటు దగ్గర యూనియన్ మీటింగు జరుగుతోంది. ఎర్రజెండాల నీడలో టిఫిన్ విప్పుకొని ఎలీయాజరు గవరయ్య పక్కన కూర్చున్నాడు. గవరయ్య పెయింటు షాపులో పనిచేస్తాడు, సంఘంలో అందరికన్నా పాత పెద్ద.

"బావగారూ, ఊరికే అడుగుతున్నాను. ఆ రోజు ఒకవేళ ఇంటావిడ రాలేకపోతే ఏమవుతుంది?"

"రాలేకపోవడమేటి? నన్ను నిలబెట్టినప్పుడు మా ఆవిడకి నూట మూడు జ్వరం. పళ్ళెం వొణికిపోతోంది, రొట్టె జారిపోతోంది, అయినా నడిసింది." గవరయ్య ఊరగాయ ముక్క చప్పరించి, "ఆవిడ లేకపోతే జనం ఊరుకుంటారేటి? మొగుడి మాట ఇనదు, ఈయన మనకేటి సెప్తాడు అంటారు. ఏం, డోర్కాసమ్మకి వొంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది," అన్నాడు ఎలీయాజరు. టిఫిన్ మూత పెట్టేశాడు.

*

ఆ ఇంట్లో ఎవరికి ఎవరి మీద ఏ మాట ఉన్నా అది సాయంత్రం ఏడింటి కుటుంబ ప్రార్థనలో బయటపడేది. ముఖం చూసి చెప్పలేనిది కళ్ళు మూసుకొని దేవునికి చెప్పుకుంటారు. వినవలసినవాళ్ళు వింటారు. "ప్రభువా, ఈ ఇంట్లో నా టీలో పంచదార తగ్గిపోతున్న సంగతి నీకెరుకే," అని రోజమ్మ ప్రార్థిస్తే మర్నాడు టీ తియ్యగా ఉండేది. "యేసయ్యా, స్కూల్ పిక్నిక్‌కి పంపేలా నాన్న మనసు మార్చు," అని విజయ అంటే, చివర్లో ఎలీయాజరు "పిల్లలకు లోబడే మనసియ్యి," అని జవాబు చెప్పేవాడు. ఇంటి యజమానిగా ముగింపు ప్రార్థన అతనిదే. అతను ముగించాక అందరూ ఆమెన్ అంటేనే లేచేది.

సోమవారం సాయంత్రం డోర్కాస్ వంతు వచ్చింది.

"ప్రభువా, ఆ ఉత్తరం తొందరగా వచ్చేలా చూడు. ప్రాక్టికల్ ఆదివారం పడకుండా చూడు. రెండేళ్ళుగా నీ సన్నిధి మానలేదు, క్లాసులే మానుకున్నాను. నీకు తెలియంది కాదు."

ఎలీయాజరు ఒళ్ళో ఉన్న బైబిలు బరువెక్కింది. తన వంతు రాగానే రోగుల కోసం, రైల్వే ఉద్యోగుల కోసం, దేశాన్ని ఏలేవాళ్ళ కోసం గబగబా ప్రార్థించి ముగించేశాడు.

"ఏటిరా, ఇవాళ ప్రార్థనకి రైలు తప్పిపోతాదా?" అంది రోజమ్మ లేస్తూ.

మంగళవారం గడిచింది. బుధవారం వర్క్‌షాపులో, ఎవరూ రెండోసారి కొలవాల్సిన పనుండని ఎలీయాజరు చేతిలో, ఇరుసుకు తొడిగే ఇత్తడి బుష్ ఒకటి వదులై పాడైపోయింది. పక్క బెంచీ బిమల్ దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి, "కీ దాదా, మన్ కొథాయ్? మనసెక్కడ పెట్టావు?" అన్నాడు. ఎలీయాజరు ఇంకో బుష్ అందుకున్నాడు. ఇంటికెళ్తే ఉత్తరం. బయటికొస్తే గవరయ్య. నడిచినా, కూర్చున్నా, సైకిలెక్కినా దిగినా ఒకటే ఆరాటం. రోజూ ఉదయం బైబిలు తెరుస్తున్నాడు. కానీ ఆ పుటల దగ్గరికి రాకుండా వేళ్ళు జాగ్రత్తగా దాటించేస్తున్నాడు.

గురువారం సాయంత్రం డోర్కాస్ ఆలస్యంగా వచ్చింది. చెప్పులు గుమ్మంలోనే విసిరేసింది. చెమటతో చీర వీపుకు అంటుకుపోయింది.

"స్కూలుకెళ్ళి అడిగొచ్చాను. ఉత్తరం పది రోజుల కిందే పంపేశారట! వేరే కాగితం రాసిచ్చారు. ప్రాక్టికల్ ఈ ఆదివారమేనంట, పదింటికి."

"ఓలమ్మో, ఆదివారమా!" రోజమ్మ నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టేసుకుంది.

డోర్కాస్ భర్త వైపు తిరిగింది. దారి పొడుగునా ఆలోచించుకొని వచ్చినట్టుంది, మాటలు వరసగా వచ్చాయి. "రొట్టె నాలుగింటికే లేచి కాల్చేస్తాను. పళ్ళెం అత్త పట్టుకొస్తాది. అయ్యగారితో మీరు ఒక్క మాట చెప్పండి చాలు."

"నేను చెప్పను."

"ఏం, ఎందుకని?"

"పెళ్ళాం లేకుండా సంఘం ముందు ఒంటరిగా నిలబడాలా? అందరూ ఏమనుకుంటారు?"

"పరీక్షకెళ్ళిందనుకుంటారు."

"మొగుడి కన్నా, దేవుని కన్నా దానికి పరీక్షే ఎక్కువైందనుకుంటారు! ఆరు నెలలు పోతే మళ్ళీ పెడతారు కదా, అప్పుడు రాయకూడదా?"

"ఆరు నెలలకి నాకు నలభై దాటిపోతాయి. ఆ కుర్చీలో ఇంకో పిల్ల కూర్చుంటాది. నేను చచ్చేదాకా బెడ్‌పాన్లు మోస్తాను." స్కూలువాళ్ళిచ్చిన కాగితం అతని ముందు పెట్టింది. "రెండేళ్ళు ఒక్క ఆదివారం అడిగానా మిమ్మల్ని? ఒక్కటంటే ఒక్కటి?"

"నాకు కాళ్ళున్నాయిరా," అంది రోజమ్మ. "మీ నాన్నకి మోసినదాన్ని, నీకు మొయ్యలేనా?"

"నీకు తెలీదమ్మా, నువ్వూరుకో!"

విజయ పుస్తకంలో తల దూర్చేసింది. డోర్కాస్ కొంగుతో ముఖం తుడుచుకొని కొంచెంసేపు కిటికీ బయటికి చూసింది.

"ఆ ఉత్తరం సరిగ్గా వచ్చుంటే ఈ గొడవే ఉండకపోను. వారం ముందు తెలిస్తే అయ్యగార్ని బతిమాలి మీ కార్యక్రమమే ఇంకో ఆదివారానికి మార్పించుకునేవాళ్ళం. రేపు ఆ నిమాయ్ బాబు రానీ, వదలను."

ఎలీయాజరు తలెత్తాడు. అంత సులువైన దారి ఉందని అతనికి ఆ క్షణం దాకా తట్టనే లేదు.

*

శుక్రవారం ఉదయం నిమాయ్ బాబు సైకిలు బెల్లు వినపడగానే డోర్కాస్ చేతిలో గరిటెతోనే బయటికి నడిచింది. ఎలీయాజరు వరండా స్తంభం పక్కనే ఉండిపోయాడు. హిందీ, బెంగాలీ కలగలిపి ఆమె సందంతా వినపడేలా కడిగేసింది.

"మీ ఇంటి పెళ్ళి పిలుపైతే ఇలాగే పారేసుకుంటారా? రెండేళ్ళు చదివాను నేను! మా ఉత్తరం ఏ కాలవలో పడేశారు? కాలు కుంటైతే పని మానుకొని ఇంట్లో కూర్చోవాలి గానీ, జనం బతుకులతో ఆడుకుంటారా?"

పక్క క్వార్టర్లవాళ్ళు బయటికొచ్చారు. నిమాయ్ బాబు నోరు తెరిచాడు. "కానీ బౌదీ, ఆ చిఠీ నేను..." అంటూ ఆమె భుజం మీదుగా చూశాడు. స్తంభం పక్కనున్న ఎలీయాజరు చూపూ అతని చూపూ కలిశాయి.

ఎంతసేపు కలిశాయో. ఎలీయాజరు కళ్ళు దించేసుకున్నాడు.

ముసలాయన నోరు మూసుకున్నాడు. సంచీ భుజం మీద సర్దుకున్నాడు. "భూల్ హోయే గేఛే, బౌదీ. తప్పు నాదే. ముసలాణ్ణి, క్షమించు," అని రెండు చేతులూ జోడించి, సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయాడు. కుంటికాలు ఆ రోజు మరీ ఈడుస్తున్నట్టనిపించింది.

ఆ పగలు ఎలా గడిచిందో ఎలీయాజరుకు తెలియదు. సాయంత్రం ఏడింటికి చాప పరిచారు. విజయ పాట పాడింది. రోజమ్మ "ఈ ఇంట్లో సమాధానం ఉంచు తండ్రీ," అని ఒక్క మాటతో ముగించింది. డోర్కాస్ వంతు వచ్చింది.

"ప్రభువా, పొద్దున్న ఆ నిమాయ్ బాబుని నోటికొచ్చినట్టు తిట్టాను. కాలు గురించి కూడా అన్నాను. పెద్దాయన, చేతులు జోడించాడు. నా మనసు బాగోలేదు. నన్ను క్షమించు. ఆయన పొరపాటునీ క్షమించు. ఆదివారం నన్నేం చెయ్యమంటావో నాకు తెలియడం లేదు."

అందరూ ఎలీయాజరు ముగింపు కోసం తలలు వంచుకొని ఉన్నారు. హౌరా లోకల్ ఒకటి పట్టాల మీద ధడధడలాడుతూ వెళ్ళిపోయింది. ఆ చప్పుడు తగ్గాక అతను మొదలుపెట్టాడు.

"ప్రభువా... నిమాయ్ బాబుది తప్పు లేదు. ఆయన శనివారమే ఇచ్చాడు. నా చేతికే ఇచ్చాడు. నా ఎదురుగా ఆయన తిట్లు తిన్నాడు, నేను నిలబడి చూశాను. ఉత్తరం నా బైబిల్లో ఉంది. నీ ముందు పెట్టానని నాకు నేనే చెప్పుకున్నాను. నీ ముందు పెట్టలేదు. నీ వెనక దాచాను."

ముగింపు మాట అతను అనలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. విజయ కళ్ళు తెరిచి అమ్మ వంక చూసింది. రోజమ్మ చెయ్యి చాచి కొడుకు ఒళ్ళోంచి బైబిలు తీసుకుంది. పుటలు తిప్పింది. మడతపెట్టిన ఉత్తరం చాప మీద పడింది.

"ఒరే నాయనా," అంది ఆవిడ నెమ్మదిగా, "ఈ బైబిల్లో మీ నాన్న మా పెళ్ళి తారీకు రాసుకున్నాడు. నువ్వు పుట్టిన తారీకు రాసుకున్నాడు. నువ్వు దీన్ని పెట్టావేటిరా."

డోర్కాస్ ఉత్తరం తీసుకొని విప్పి చూసింది, మళ్ళీ అదే మడత పెట్టింది. ఆమె ఏడవలేదు. అది చూసి అతనికి మరీ భయమేసింది.

"అడిగుంటే నేనే మానుకునేదాన్నేమో," అంది. "మీ నాన్న నిలబడ్డ చోట నిలబడాలని మీకెంత ఉందో నాకు తెలీదా? ఒక్క మాట అడిగుంటే, ఏడ్చుకుంటూనో నవ్వుకుంటూనో ఇచ్చేదాన్నేమో. అడక్కుండా తీసేసుకున్నారు. పైగా నేను రోజూ ఆ ఉత్తరం కోసం ప్రార్థన చేస్తుంటే పక్కన కూర్చుని విన్నారు."

"డోర్కాసూ..."

"ఆమెన్ నా నోట రాదత్తా. నన్ననమనకండి," అని ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

శనివారం మధ్యాహ్నం పని దిగగానే ఎలీయాజరు ఇంటికి రాకుండా పాస్టరు సాల్మన్ రాజు అయ్యగారి ఇంటికి వెళ్ళాడు. గవరయ్య కూడా అక్కడే ఉన్నాడు, మర్నాటి ఏర్పాట్లు మాట్లాడుతున్నాడు. ఎలీయాజరు వందనాలు చెప్పి, నిలబడే జరిగిందంతా చెప్పేశాడు.

"నన్ను ఆరు నెలలు ఆపండయ్యగారూ. నేను ఆవిణ్ణి ఎన్నాళ్ళు ఆపాలనుకున్నానో అన్నాళ్ళు. అప్పటికి కూడా సంఘం సరే అంటేనే."

గవరయ్య ఆశ్చర్యపోయాడు. "రొట్టెకి పిండి కూడా తెచ్చేశాం కదయ్యా! ఇంటి విషయం ఇంట్లో సర్దుకోవాలి గానీ ఇక్కడ చెప్పుకుంటారేటి?"

"ఇంటిని గురించి ఎవరికైనా మాట ఉందా అని రేపు అడుగుతారు కదా బావగారూ. నాకే ఉంది మరి."

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఎలీయాజరు మనసులో వారం నుంచీ తిరుగుతున్న మాట బయటికొచ్చింది. "ఒక్కటడుగుతానయ్యగారూ, తప్పైతే మన్నించండి. వారమంతా బైబిలు చదివాను, మోకాళ్ళేశాను. దేవుడు నన్నొక్క రోజైనా ఆపలేదెందుకు?"

"ఆపలేదా? వారమంతా హాయిగా నిద్ర పట్టిందా నీకు?"

ఎలీయాజరు తల దించుకున్నాడు.

"వెళ్ళు. రేపు ఆరాధనకు రాకపోయినా నేనేమీ అనుకోను. ఆవిడ వెంట వెళ్ళు," అన్నారు అయ్యగారు.

దారిలో పోస్టాఫీసు దగ్గర ఆగాడు. అప్పటికే డోర్కాస్ వచ్చి వెళ్ళిందని నిమాయ్ బాబు చెప్పాడు. డబ్బా నిండా మినప సున్నుండలు ఇచ్చి వెళ్ళిందట. ఎలీయాజరు మాట వెతుక్కుంటుంటే ముసలాయనే అందుకున్నాడు. "ముప్పై ఏళ్ళుగా ఉత్తరాలు పంచుతున్నాను దాదా. చిఠీ అందుకున్న మనిషి ముఖం చూస్తే నాకు తెలిసిపోతుంది. పోయిన శనివారమే నీ ముఖం చూశాను. సందు మధ్యలో నీ పరువు తీసి నాకొచ్చేదేముంది? ఇంద, ఒక లడ్డూ తిను."

ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురుంది. డోర్కాస్ నోట్‌బుక్కు ముందేసుకొని కిటికీ దగ్గర కూర్చుంది. ఎలీయాజరు పెట్టె తెరిచి, నూనెగుడ్డలో చుట్టిన వెర్నియరు తీసి ఆమె ముందు పెట్టాడు. ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. అయ్యగారితో ఏం చెప్పి వచ్చాడో చెప్పాడు.

ఆమె నోట్‌బుక్కు మూసి, "మిమ్మల్నాపమని నేననలేదు," అంది.

"నువ్వనలేదు. నాకే అలా అనిపించింది. దీన్ని పట్టుకో."

"ముందేం కొలవాలి?"

"ముందేం కొలవకూడదు. మూసి చూడాలి. ఇదిగో, నోరు పూర్తిగా మూసినప్పుడు పై గీతల్లో సున్నా, కింది గీతల్లో సున్నా ఒకదాని మీదొకటి ఉండాలి. దీనికి చూడు, కొంచెం తప్పి ఉంది. నాన్న చేతి నుంచి ఒకసారి కింద పడిందట. ఈ తప్పెంతో తెలుసుకొని ప్రతి లెక్కలోనూ తీసెయ్యాలి. చూసుకోకుండా కొలిచావనుకో, ఎంత జాగ్రత్తగా కొలిచినా అన్నీ తప్పే."

చెబుతూ చెబుతూ అతను ఆగిపోయాడు. డోర్కాస్ ఒక్క క్షణం అతని వంక చూసి, మళ్ళీ గీతల మీదికి వంగింది.

"కింది గీతల్లో ఏది పై గీతతో సరిగ్గా కలిసిందో అదేనా?"

"అదే."

రోజమ్మ కళ్ళద్దాలు, విజయ రబ్బరు, టీ గ్లాసు అంచు, ఆఖరికి డోర్కాస్ చేతి గాజు, అన్నీ కొలిచారు. "దీనికేటి నెంబరు? రాసుకోండి, లేపోతే మరిసిపోతారు," అని రోజమ్మ పక్క నుంచి తొందరపెట్టింది.

*

ఆదివారం లోకల్లో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, ఎక్కువ మాట్లాడుకోలేదు. హౌరాలో దిగి స్కూలు దాకా నడిచారు. ఆమె లోపలికి వెళ్ళిపోయాక ఎలీయాజరు గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు. పది కొట్టింది. ఈపాటికి సంఘంలో మొదటి పాట ఎత్తుకొని ఉంటారు. బుద్ధెరిగిన తరవాత అతను ఆరాధన మానడం ఇదే మొదలు. తప్పు చేస్తున్నానా అని తనను తాను అడిగి చూసుకున్నాడు. ఈ బల్ల మీద కూర్చోవడం కూడా ఆయన సన్నిధిలో కూర్చోవడమేనేమో అనిపించింది. ఎవరినైనా అడిగితే బాగుండు అనుకున్నాడు గానీ, అడగడానికి టీ కొట్టువాడు తప్ప ఎవరూ లేరు. ఆమె గురువారం స్కూలుకెళ్ళి అడగకపోయి ఉంటే ఈ గేటు దాటేది కాదన్న తలపు మాత్రం అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. నాలుగు టీలు తాగాడు.

ఒంటిగంటకు డోర్కాస్ బయటికొచ్చింది. ముఖం ఎర్రబడి ఉంది. వేలికి కొత్త మరక అంటింది.

"వెర్నియరు వచ్చిందా?" అన్నాడు ఆత్రంగా.

"వచ్చింది. ముందు మూసి చూశాను. వాళ్ళదానికీ తేడా ఉంది. పక్కన కుర్రపిల్లలు చూసుకోకుండా కొలిచేశారు పాపం." నవ్వు రాబోయి ఆగిపోయింది. "పదండి. అత్త ఎదురుచూస్తుంటాది."

ఆ సాయంత్రం ప్రార్థనలో అతను ముగించాక రోజమ్మ, విజయ ఆమెన్ అన్నారు. డోర్కాస్ పెదవులు కదలలేదు. మర్నాడూ అంతే. మే నెల చివర రాతపరీక్ష రాసి వచ్చింది. వానలు పట్టాయి. ఆమె మాట్లాడుతోంది, వడ్డిస్తోంది, నవ్వాల్సిన చోట నవ్వుతోంది. ఆ ఒక్క మాట మాత్రం అతని ప్రార్థనకు కలపలేదు. అతను అడగనూ లేదు. రోజూ ముగించాక ఒక్క క్షణం ఎక్కువసేపు కళ్ళు మూసుకొని కూర్చునేవాడు.

జులై మూడో వారంలో ఒక పొద్దున్న సందులో మోకాలిలోతు నీళ్ళు నిలిచాయి. సైకిలు వదిలేసి, సంచీ నెత్తిన పెట్టుకొని నిమాయ్ బాబు నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. ఎలీయాజరు వరండాలోనే ఉన్నాడు. ముసలాయన పొడుగాటి కవరొకటి తీసి అతని వైపు చాచాడు.

ఎలీయాజరు చెయ్యి అలవాటుగా ముందుకెళ్ళింది. సగంలో ఆగింది. వెనక్కి తీసుకున్నాడు.

"డోర్కాసూ! నీకు ఉత్తరం వచ్చింది," అని లోపలికి కేక వేశాడు.

ఆమె పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. నీళ్ళలో నిలబడ్డ ముసలాయననూ, ఆయన చేతిలో కవరునూ, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డ భర్తనూ చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా చేతులు బాగోలేవు," అంది. "మీరే విప్పండి."

"నేనా?"

"మీరే."

ఎలీయాజరు కవరు అందుకొని అంచు జాగ్రత్తగా చింపాడు. రోజమ్మ వచ్చి కోడలి భుజం పట్టుకుంది. విజయ నాన్న మోచేతి కింద నుంచి తల దూర్చి, అతనికన్నా ముందే చదివేసింది. "పాస్! మా, తుమి పాస్! నువ్వు పాసయ్యావు! ప్రాక్టికల్లో ఇరవైకి పద్దెనిమిది!"

ఎలీయాజరు ఆ కాగితాన్ని రెండు చేతులతో భార్యకు చూపించాడు. ఏదో అనబోయాడు. "ప్రభువా, నీకు స్తోత్రం," అన్న ఒక్క మాటే బయటికొచ్చింది.

డోర్కాస్ పిండి అంటిన మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆమెన్," అంది.